ఆదివారం తూకం

పెద్దకోడలు ఆ ఇంటికి వచ్చిన రెండేళ్ళకి చిన్నకోడలు వచ్చింది. వచ్చిన రోజే ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకుని ఫక్కున నవ్వేశారు. ఇద్దరూ లావే. ఆ ఇంటి మెట్ల మీద ఒకరు గోడకి అంటుకుపోయి నిలబడితే తప్ప రెండోవాళ్ళు దిగలేరు.

"అమ్మయ్య! ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్నాను" అంది పెద్దది.

"నేనూ అదే భయంతో వచ్చానక్కా" అంది చిన్నది.

పైన ఇల్లు, కింద బేకరీ. బేకరీ అన్నదమ్ములిద్దరిదీ. అన్న పిండి కలిపి బట్టీ దగ్గర నిలబడతాడు. తమ్ముడు స్కూటర్ మీద చుట్టుపక్కల దుకాణాలకి బ్రెడ్డు వేసి వస్తాడు. అత్తగారు ముందు గల్లా పెట్టె దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి బన్నులతో పాటు సలహాలు కూడా ఇస్తుంటుంది. తోడికోడళ్ళిద్దరూ వెనకగదిలో పొడవాటి రేకుబల్లకి అటూ ఇటూ నిలబడి కేకులకి క్రీము పూస్తారు. కేకు చదరంగా కోసినప్పుడు తెగిపడిన అంచులన్నీ ఒక గిన్నెలో పడతాయి. సాయంత్రానికి ఆ గిన్నె అడుగు కనిపిస్తుంది. ఎవరు తిన్నారని ఎవరూ అడగరు.

పక్క కొట్టులో బట్టలు కుట్టే దర్జీ వాళ్ళకి 'జోడుబన్నులు' అని పేరు పెట్టాడు. వాళ్ళకి కోపం రాలేదు సరికదా, ఆ పేరు వాళ్ళే వాడుకున్నారు. "ఒక బన్ను వచ్చింది, రెండోది వెనకాల మెట్లెక్కుతోంది" అనుకుంటూ పడీపడీ నవ్వేవారు. ఒకరి బట్టలు ఒకరు వేసుకునేవారు. ఎక్కడికి వెళ్ళినా, ఎవరు ఫోటో తీసినా, వెనక వరసలో భుజాలు కలిపి నిలబడేవారు. ఎవరైనా ఒళ్ళు గురించి ఓ మాట విసిరితే దాన్ని ఇద్దరూ సగంసగం పంచుకోవడంతో పెద్దగా తగిలేది కాదు. పన్నెండేళ్ళు అలా గడిచాయి.

ఒకరోజు చిన్నకోడలు కళ్ళు తిరుగుతున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రక్తపరీక్షలు చూసి ఆ డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. చక్కెర గీత దాటబోతోందని, కాలేయానికి కొవ్వు పట్టిందని, ఇప్పుడే తగ్గితే మందులు లేకుండా బయటపడొచ్చని చెప్పింది. సాయంత్రం తొందరగా తినేసి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉపవాసం ఉండమంది. మధ్యలో మంచినీళ్ళు ఎన్నైనా తాగొచ్చు. తినే రెండు పూటలూ కూరగాయలు, గుడ్లు, గింజలు కడుపునిండా తినమంది. తీపి, మైదా మాత్రం పక్కన పెట్టమంది.

"బేకరీలో ఉండి మైదా పక్కన పెట్టమంటే ఎక్కడ పెట్టనక్కా? పక్కనే కదా ఉంటుంది!" అని ఆ రోజు చిన్నకోడలు నవ్వింది. నవ్వుతూనే పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది. "నన్ను నేను నమ్మలేను. నాకు నేనే దొంగలెక్కలు చెప్పుకుంటాను. ఎవరికైనా జవాబు చెప్పాలి అని ఉంటేనే నిలబడతాను. రోజూ సాయంత్రం నువ్వు నన్నడుగు, ఇవాళ ఏం తిన్నావే అని. నీకు అబద్ధం చెప్పను. ఆదివారం ఆదివారం మన కాటా మీద నువ్వే బరువు చూడు."

"దానికేం, చూస్తాను" అంది పెద్దకోడలు. వారం తిరక్కుండా మానేస్తుందని ఆమె లోపల గట్టి నమ్మకం. అందుకే అంత సులువుగా ఒప్పుకుంది.

చిన్నకోడలు మానలేదు. మొదటి పదిరోజులు ముఖం వేలాడేసుకుని, తలనొప్పని, ఎవరు పలకరించినా కసురుకుంటూ తిరిగింది. పొద్దున్నే బన్నులు బట్టీలోంచి దిగే వేళకి పెరట్లోకి పోయి నిలబడేది. సాయంత్రం పెద్దకోడలు అడిగితే అన్నీ చెప్పేది. "ఇవాళ గిన్నెలోవి నాలుగు అంచులు తినేశానక్కా. ఐదోది నోట్లో పెట్టుకుని మళ్ళీ ఉమ్మేశాను." అలాంటి రోజుల్లో పెద్దకోడలికి ఎంత హాయిగా ఉండేదో! ఆ కేకు అంచులు తనే తిన్నంత తియ్యగా ఉండేది. "పోన్లేవే, మనుషులం కాదూ" అని వీపు నిమిరేది.

కానీ అంచులు తిన్న రోజులు తగ్గిపోతూ వచ్చాయి. చిన్నకోడలు అలవాట్లు మార్చుకుంటోంది. క్రీము పూస్తున్నంతసేపూ నోట్లో ఒక లవంగం పెట్టుకునేది. తన మధ్యాహ్నం తిండి పొద్దున్నే ఒక డబ్బాలో సర్దిపెట్టుకునేది. పళ్ళెం ముందు కూర్చుంటే ఫోను చూడకుండా, ఎవరితో మాట్లాడకుండా, నిదానంగా నమిలేది. ఆదివారం ఆదివారం కాటా మీద గుండు వెనక్కి జరుగుతోంది.

ఆ కాటా బేకరీ వెనకగదిలో పిండిబస్తాలు తూచేది. కింద ఇనపపలక, దానికో నిలువు స్తంభం, పైన అంకెలు చెక్కిన అడ్డకడ్డీ. కడ్డీ మీద ఇత్తడిగుండు జరిపి, కడ్డీ సమంగా నిలబడ్డచోట అంకె చూడాలి. మధ్యాహ్నం బేరం పల్చబడ్డాక చిన్నకోడలు చెప్పులు విడిచి పలకెక్కేది. పెద్దకోడలు గుండు జరిపేది. మొదట్లో జరపాల్సినంత దూరం ఇప్పుడు జరపక్కర్లేదు. ఆ సంగతి ఆమె వేళ్ళకి తెలుస్తోంది.

వీధికి కూడా తెలిసింది. గల్లా దగ్గరికి వచ్చినవాళ్ళు బ్రెడ్డు తీసుకుని వెళ్ళిపోకుండా వెనకగది వైపు మెడలు సాచి, "మీ చిన్నకోడలేనా? గుర్తుపట్టలేకపోయాం!" అనేవారు. అత్తగారు పొంగిపోయి, "మా అమ్మాయికి పట్టుదల ఎక్కువ" అనేది. పద్నాలుగేళ్ళలో ఆవిడ నోటివెంట తన గురించి అలాంటి మాట ఒక్కటి వచ్చిందా అని పెద్దకోడలు ఆలోచించింది. రాలేదు. ఒకరోజు దర్జీ కొట్టు ముందు నిలబడి, "ఏంటమ్మా, జోడు విడిపోయింది? ఒకటే బన్ను మిగిలిందే!" అన్నాడు పెద్దకోడలితో. ఎప్పట్లాగే సరదాగానే అన్నాడు. కానీ ఈసారి ఆ మాటని పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. మొత్తం ఆమెకే తగిలింది.

ఆమె మగడు పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనే మనిషి కాదు. ఒక సాయంత్రం భోజనం దగ్గర కూర్చుని, "మా మరదలు నిన్న పిండిబస్తా ఒక్కతే పక్కకి జరిపేసింది, చూశావా?" అన్నాడు. అంతే అన్నాడు. 'అంటే నేను జరపలేననా?' అని ఆమె ఆ రాత్రంతా ఆ మాటనే తిరగేసింది.

ఆ వారమే చిన్నకోడలు ఒక పెద్ద సంచీ తెచ్చి ఆమె మంచం మీద పెట్టింది. "అక్కా, ఇవి నాకు వదులైపోయాయి. భుజాల మీంచి జారిపోతున్నాయి. కొత్తగా ఉన్నాయి, పారేయ బుద్ధి కాలేదు. నీకు సరిగ్గా సరిపోతాయి."

చిన్నకోడలి మనసులో ఏ కల్మషమూ లేదు. ఎన్నేళ్ళుగానో ఒకరివి ఒకరు వేసుకుంటున్నారు. కానీ పెద్దకోడలి చెవికి అది, 'నేను విడిచిన లావు నువ్వు తొడుక్కో' అన్నట్టు వినిపించింది. "అలా పెట్టు, చూస్తాలే" అంది. చిన్నకోడలు వెళ్ళాక ఆ సంచీని మంచం కిందకి ఒక్క తన్ను తన్నింది.

అప్పట్నించీ ఆమెకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని అయింది. చిన్నకోడలి మెడ చూస్తుంది, మణికట్టు చూస్తుంది, మెట్లెక్కుతుంటే ఆయాసపడుతుందేమో అని చెవి పెట్టి వింటుంది. ఆయాసం ఉండదు. కడుపు భగ్గుమంటుంది. తనూ మొదలుపెట్టొచ్చు కదా అని ఒకసారి అనిపించింది. ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉంది. టిఫిను వేళ దాటిన కాసేపటికి నిలబడే రెండు బన్నులు తిని, ఆ కోపం కూడా చిన్నకోడలి మీదే పెట్టుకుంది. ఒకరోజు చిన్నకోడలికని ఉడికించిన కూరగాయల్లో ఎవరూ చూడకుండా వెన్న కలిపింది. "అక్కా, ఇవాళ కూర ఎంత బాగుందో" అంది చిన్నకోడలు లొట్టలేస్తూ. ఆదివారం చూస్తే అయినా గుండు వెనక్కే జరిగింది.

కాటా కడ్డీ చివర ఒక చిన్న మర ఉంటుంది. పలక మీద ఏమీ లేనప్పుడు కడ్డీ సమంగా నిలవకపోతే దాన్ని అటో ఇటో తిప్పి సరిచేస్తారు. ఆ మర తన మగడు తిప్పడం ఆమె చాలాసార్లు చూసింది. ఆ తరువాతి ఆదివారం చిన్నకోడలు చెప్పులు విడవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు, ఆమె చెయ్యి ఆ మర మీదికి పోయింది. ఎంత తిప్పిందో చూసుకోలేదు.

చిన్నకోడలు పలకెక్కింది. పెద్దకోడలు గుండు జరిపింది. పోయిన వారం కంటే ముందుకి జరపాల్సి వచ్చింది.

"పెరిగిందా?" అంది చిన్నకోడలు నమ్మలేక.

"కొంచెమే."

"సరిగ్గా చూడక్కా."

"నువ్వే చూడు. అబద్ధం చెప్తానా?"

చిన్నకోడలు తనే వంగి అంకె చూసుకుంది. పలక దిగి, పిండిబస్తా మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. పెద్దకోడలు పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. పాతరోజుల్లోలా ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఎన్నాళ్ళకో మళ్ళీ చెల్లి దొరికినట్టు ఆమెకి నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది. "ఒళ్ళన్నాక పెరుగుతుంది తగ్గుతుంది. ఇంత కష్టం దేనికే? రా, ఒక బన్ను తిందాం" అంది. చిన్నకోడలు తల అడ్డంగా ఊపి లేచి వెళ్ళిపోయింది. పెద్దకోడలు మరని మళ్ళీ మునుపటిలా తిప్పి, కడ్డీ సమంగా నిలిచిందని చూసుకుని, పనిలో పడింది.

రెండో ఆదివారమూ అదే చేసింది. ఈసారి చిన్నకోడలు ఏడ్చేసింది. "అక్కా, నేను నీకు నిజమే చెప్తున్నానా? నిద్రలో లేచి తింటున్నానేమో! నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగింది.

"లేదే" అంది పెద్దకోడలు. ఇక చాలు, వచ్చేవారం ముట్టుకోను అనుకుంది. అనుకున్నమాట నిలబెట్టుకునేదేమో కూడా. కానీ మధ్యలో స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. ఆమె కూతురు ఎనిమిదో తరగతి. కాగితం తెచ్చి ఇస్తూ, "అమ్మా, దీనికి పిన్ని వస్తే పర్లేదా? నీకు కాళ్ళ నొప్పులు కదా, మా క్లాసు మూడో అంతస్తు" అంది. పిల్ల తల్లి కళ్ళలోకి చూడకుండా చెప్పింది. కాళ్ళ నొప్పులు నిజమే. కానీ ఆ చూడకపోవడం దేనికో తల్లికి తెలీదా?

చిన్నకోడలే స్కూలుకి వెళ్ళొచ్చింది. పిల్లా పిన్నీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గలగలా మాట్లాడుకుంటూ వీధి మలుపు తిరిగి రావడం పెద్దకోడలు పైన కిటికీలోంచి చూసింది.

ఆమెకి తెలియని సంగతి ఒకటుంది. బరువు పెరుగుతోందని బెంగపడి, చిన్నకోడలు డాక్టరు చెప్పిన పద్ధతి ఎప్పుడో దాటేసింది. రోజు విడిచి రోజు అసలు తినడమే మానేసింది. ఆదివారం ముందు మంచినీళ్ళు కూడా తగ్గించేసింది. నీళ్ళ బరువైనా తగ్గుతుందని ఆమె ఆశ. మొదటిసారిగా ఆ సంగతి సాయంత్రాల్లో అక్కకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని భయం.

మూడో ఆదివారం మర మళ్ళీ తిరిగింది. చిన్నకోడలు అంకె చూసి ఈసారి ఏడవలేదు. బట్టీలోంచి సాయంత్రం బ్రెడ్డు దించే వేళైంది. బావగారు పిలిస్తే చేతికి గుడ్డ చుట్టుకుని వెళ్ళింది. పెద్దకోడలు మర సరిచేయడానికి కాటా వైపు తిరిగింది. వెనక నుంచి రేకుట్రేలు నేలమీద పడ్డ చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే చిన్నకోడలు బట్టీ ముందు పడి ఉంది. కుడి ముంజేయి కాలుతున్న ట్రే అంచు కింద ఉంది.

తరువాతదంతా గందరగోళం. తమ్ముడు ఆటో తెచ్చాడు. అన్న మరదల్ని ఎత్తుకుని దుకాణంలోంచి బయటికి వచ్చాడు. పెద్దకోడలు కాళ్ళ నొప్పులు మరచిపోయి ఆటోలో పక్కన ఎక్కి కూర్చుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు ఊడి ఎర్రగా కనిపిస్తోంది. ఆస్పత్రిలో సెలైను ఎక్కించి, కట్టు కట్టారు. డాక్టరమ్మ వచ్చి ఎడాపెడా చివాట్లు పెట్టింది. "నేను చెప్పిన ఉపవాసం ఏమిటి, నువ్వు చేసిందేమిటి? నీళ్ళు మానేయమని ఎవరు చెప్పారు? ఇంకో అడుగు ముందుకి పడుంటే తల బట్టీలో ఉండేది."

"బరువు పెరుగుతోంది డాక్టర్. ఎంత మానేసినా పెరుగుతోంది" అంది చిన్నకోడలు నీరసంగా.

పెద్దకోడలు మంచం పక్కన నిలబడి వింది. చెప్పేయాలనుకుంది. 'ఇప్పుడు కాదు, కాస్త తేరుకోనీ' అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే కింది నుంచి మగడి కేకలు వినిపించాయి. ఎప్పుడూ గొంతు లేవని మనిషి. ఆమె మెట్లు దిగి వచ్చేసరికి తమ్ముడు, అత్తగారు వెనకగదిలో ఉన్నారు. రాత్రే ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన చిన్నకోడలు చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని ఉంది. కలిపిన పిండి మెషిన్‌లో జావలా జారిపోతోంది. చేతికి అంటుకుంటే ఊడి రావడంలేదు.

"కొలత నాదే, చెయ్యి నాదే. పిండి ఇలా ఎందుకైందో అర్థం కావట్లేదు" అంటూ ఆయన కాటా దగ్గరికి వెళ్ళాడు. పలక మీద ఏమీ లేదు. గుండు సున్నా దగ్గర ఉంది. కడ్డీ చివర మాత్రం పైకి లేచి నిలబడింది. "ఇదీ సంగతి. మర తిరిగిపోయింది. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది. అందుకే మైదా తక్కువ పడింది. ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నిన్న తుడిచింది నేనే అన్నయ్యా. గుడ్డ తగిలి తిరిగిందేమో" అన్నాడు తమ్ముడు బిక్కమొహం వేసి.

"చూసుకోవద్దట్రా? ఒక బ్యాచి నేలపాలు!"

"తప్పైపోయింది."

అక్కడితో అయిపోయేదే. అన్న మర సరిచేసేవాడు, తమ్ముడు రెండు రోజులు తిట్లు తినేవాడు, బన్నులు మళ్ళీ పొంగేవి. కానీ అప్పుడే కుర్చీలోంచి చిన్నకోడలు, ఎవరి వైపూ చూడకుండా, కడ్డీ వైపే చూస్తూ అడిగింది.

"నిన్న నేనెక్కినప్పుడు కూడా ఇలాగే ఉందా అక్కా?"

'నాకేం తెలుసే' అనొచ్చు. మాట నాలిక చివరదాకా వచ్చింది. మరిది తలొంచుకుని ఉన్నాడు. ఏ పాపమూ ఎరగడు. చిన్నకోడలి కట్టు మీద మందు మరక పసుపుగా పాకింది.

"అతను కాదు. నేను తిప్పాను" అంది పెద్దకోడలు. "నిన్న. పోయిన వారం. అంతకు ముందు వారం కూడా."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అత్తగారికే ముందు అర్థమైంది. గల్లా తాళాలు చేతిలో ఆడిస్తున్నదల్లా ఆపింది. "నా కోడళ్ళు కొట్టుకోరు అని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను" అంది. "బాగా నోరు మూయించావు." ఆ మాట అనేసి ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

మగడు ఆ జావపిండిలో ఇంకా పిండి పోసి కలిపి, ఎలాగో బన్నులు చేశాడు. అవి రాళ్ళలా వచ్చాయి. మధ్యాహ్నం పైకి వచ్చి, "నాతో చెప్పుండొచ్చుగా?" అన్నాడు.

"ఏమని చెప్పను? మీ మరదలు సన్నబడుతుంటే నాకు ఒళ్ళు మండుతోంది, కాస్త నీళ్ళు పోయండి అని చెప్పనా?"

ఆయన మెట్లు దిగి బట్టీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

కట్టు మార్చడానికి సాయంత్రం ఆమే వెళ్ళింది. రమ్మని ఎవరూ పిలవలేదు. చిన్నకోడలు చెయ్యి చాపింది కానీ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. పాతకట్టు తడిపి, మెల్లగా విప్పి, పెద్దకోడలు మందు రాసింది.

"నేను ఏడ్చాను కదా" అంది చిన్నకోడలు చివరికి. "నిద్రలో తింటున్నానేమో అని అడిగాను. నువ్వు నా పక్కనే కూర్చుని, లేదే అన్నావు. ఆ మాట ఎలా అన్నావక్కా?"

"నాకు తెలీదు."

"తెలీకేం. చెప్పు."

"నువ్వు ఏడుస్తుంటే బాగుండేది" అంది పెద్దకోడలు. చెప్పడం మొదలుపెట్టాక ఆపడం కుదరలేదు. "నన్ను ఆనుకుని కూర్చునేదానివి కదా, అందుకు. నువ్వు నన్నొదిలేసి ఎటో వెళ్ళిపోతున్నావనిపించేది. వీధిలో అందరూ నిన్నే చూస్తున్నారు. మీ బావగారూ, అత్తయ్యా, చివరికి నా కడుపున పుట్టింది కూడా. నిన్ను చూస్తే చాలు, కళ్ళలో కారం పోసినట్టుండేది."

"ఎక్కడికి వెళ్ళాను? బల్లకి అటుపక్కే కదా క్రీము పూస్తున్నాను!" చిన్నకోడలి గొంతు పెరిగింది. "చెయ్యి కాలినందుకు కాదు నాకు బాధ. అది నా తెలివితక్కువ. నీళ్ళు మానేశాను, ఆ సంగతి నీకు చెప్పకుండా దాచాను, అదీ నా తప్పే. కానీ నా మాట నేను నమ్మలేక నీ కళ్ళని నమ్ముకున్నాను. ఇంకెవరైనా చేసుంటే ఇంత ఉండేది కాదు."

"క్షమించవే."

"ఇప్పుడు కాదు. కట్టు గట్టిగా కట్టు, జారుతోంది."

ఆ రోజు నుంచి చిన్నకోడలు బరువు చూసుకోవడం ఆస్పత్రికి మార్చుకుంది. డాక్టరు దగ్గర ఒక ముసలి నర్సు ఉంది, నవ్వడం తెలియని మనిషి. ఏం తిన్నావో, ఎప్పుడు తిన్నావో ఆవిడే అడుగుతుంది. డాక్టరు చెప్పినట్టే రెండు పూటలా తిని, నీళ్ళు తాగుతూ, చిన్నకోడలు మళ్ళీ మొదలుపెట్టింది. బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగానే నిలబడ్డారు. "ఆ చాకు ఇలా ఇయ్యి", "క్రీము గట్టిపడింది", ఇంతే మాటలు. సాయంత్రం పూట పెద్దకోడలి నోటికి 'ఇవాళ ఏం తిన్నావే' అన్న పాత ప్రశ్న అలవాటుగా వచ్చేది. నోరు తెరిచి మళ్ళీ మూసుకునేది. చిన్నకోడలి మధ్యాహ్నం కూర తనే వండేది. వెన్న లేకుండా, చిన్నకోడలు చూస్తుండగా వండేది. చూడమని ఎవరూ చెప్పకపోయినా చిన్నకోడలు వచ్చి నిలబడి చూసేది. మొదట్లో అది పెద్దకోడలికి చెంపదెబ్బలా ఉండేది. తరువాత, తనైనా అలాగే చూసేదాన్ని అనుకుంది.

అసూయ పోయిందా అంటే, పోలేదు. చిన్నకోడలి చక్కెర మామూలుకి దిగిందని కబురు వచ్చిన రోజు, "మంచిదేగా" అంటూనే ఆమె లోపల ఏదో చురుక్కుమంది. దర్జీ చిన్నకోడలికి కొత్త కొలతలు తీసుకుంటూ, "మీ అక్కకీ మీకూ వయసులో చాలా తేడా కాబోలు!" అన్న రోజు మరీ చురుక్కుమంది. తేడా మూడేళ్ళు. కానీ ఇప్పుడు ఆ చురుకు వచ్చినప్పుడల్లా ఆమెకి వెంటనే తెలిసిపోతోంది. చేతులు రెండూ పిండిలో పెట్టేసి, అది చల్లారేదాకా పిసుకుతూ నిలబడుతుంది.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం చిన్నకోడలు ఆస్పత్రికి బయల్దేరుతుంటే పెద్దకోడలు ఏప్రాన్ విప్పింది.

"నేనూ రానా?"

"ఎందుకు?"

"ఊరికే."

చిన్నకోడలు ఒక నిమిషం ఆలోచించింది. "రా" అంది.

నర్సు చిన్నకోడలి బరువు చూసి రాసుకుని, ప్రశ్నలు అడిగి, వెనక బెంచీ మీద కూర్చున్న పెద్దకోడలి వైపు చూసింది. "మీరూ ఎక్కండి" అంది.

"నేనా? నేను తోడుగా వచ్చానంతే."

"తోడుగానే ఎక్కండి. మిషను కరవదు."

పెద్దకోడలు చేతిసంచీతో సహా ఎక్కబోయింది. నర్సు సంచీ తీసుకుంది. చెప్పులు విడవమంది. శాలువా కూడా తీయమంది. "ఇంకేమైనా మిగిలాయా తీయడానికి?" అంది పెద్దకోడలు ఉక్రోషంగా. చిన్నకోడలు గోడవైపు తిరిగి, నవ్వు ఆపుకుంటోందో దగ్గుతోందో తెలియకుండా నిలబడింది. అంకె వచ్చేసరికి ఇంకా అటే తిరిగి ఉంది. కావాలనే తిరిగి ఉంది. పెద్దకోడలు ఆ అంకె చూసింది. ఎన్నేళ్ళుగానో చూడనిది. నర్సు మామూలు ముఖంతో రాసుకుని, "సాయంత్రం పూట ఏం తింటారు?" అంది.

పెద్దకోడలు చెప్పింది. రెండు బన్నులు, గిన్నెలో మిగిలిన అంచులు, తరువాత భోజనం. వింటున్నది ఎవరో మరచిపోయినట్టు ఒక్కొక్కటే చెప్పింది.

బయటికి వచ్చాక చిన్నకోడలు ఏమీ అడగలేదు. ఇద్దరూ దుకాణాల వెంబడి నడవడం మొదలుపెట్టారు. చిన్నకోడలిది ఇప్పుడు విసురునడక. నాలుగు అంగల్లో ముందుకి వెళ్ళిపోయింది. నున్నటి మెడ, కదలిపోతున్న భుజాలు చూసి పెద్దకోడలికి మళ్ళీ చురుక్కుమంది.

"కొంచెం ఆగవే. నాకు కుళ్ళుగా ఉంది" అంది గట్టిగానే.

పళ్ళబండి దగ్గర నిలబడ్డ ఇద్దరు తిరిగి చూశారు. చిన్నకోడలు ఆగింది. వెనక్కి రాలేదు. కాలిన మచ్చ ఉన్న చెయ్యి నడుం మీద పెట్టుకుని, అక్కడే నిలబడి, పెద్దకోడలు తన కాళ్ళమీద తను నడిచి పక్కకి వచ్చేదాకా చూసింది. వచ్చాక, ఆమె ఆయాసం తీరేదాకా కూడా ఆగింది. ఆ తరువాత ఇద్దరూ బేకరీ వైపు నడిచారు. సాయంత్రం బ్రెడ్డు దించే వేళైంది.